శ్రీలంక అధ్యయన యాత్ర: అంతర్జాతీయ రాజకీయాలు చదివే డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను రాజనీతి శాస్త్రం బోధిస్తున్నాను. అంతర్జాతీయ సంబంధాల పేపరు చదివే విద్యార్థులను చిన్న బృందాలుగా ఎనిమిది రోజుల పాటు శ్రీలంకకు తీసుకువెళ్తుంటాము. ప్రతిసారీ నోటీసు పెట్టిన రోజు నుంచి రైలెక్కే రోజు దాకా విద్యార్థులూ, ఇంట్లో పెద్దలూ, పక్క కళాశాలల అధ్యాపకులూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి వాటికి జవాబులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

పుస్తకంలో ఉన్నది చదువుకోవడానికి విదేశం దాకా వెళ్లడం ఎందుకు?

మన పాఠ్యపుస్తకాల్లో పొరుగు దేశాల గురించి ఉన్నదంతా మన గుమ్మంలో నిలబడి చూసి రాసినదే. అందులో తప్పు లేదు, ఏ దేశపు పాఠ్యపుస్తకమైనా అలాగే ఉంటుంది. కానీ పొరుగువారి గుమ్మంలో నిలబడి మన ఇల్లు ఎలా కనిపిస్తుందో ఒక్కసారైనా చూడని విద్యార్థికి ఈ పేపరు సగమే అర్థమవుతుంది. ఈ యాత్ర ఆ మిగతా సగం కోసం.

రెండో కారణం మన తీరంలోనే ఉంది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం మొదలుకొని విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం మండలాల దాకా ఉన్న మత్స్యకార గ్రామాల నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కు బోటు పనికి వలస వెళ్తారు. 2018 నవంబరు చివర అలా వెళ్లినవారిలో కొందరు పాకిస్తాన్ సముద్ర భద్రతా సిబ్బందికి చిక్కి ఏడాదికి పైగా కరాచీ జైలులో ఉన్నారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగి వచ్చారు. భారత్, పాకిస్తాన్ 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు పౌర ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మన ఊరి వారి పేర్లు ఇస్లామాబాద్‌లోని ఒక కార్యాలయంలో ఒక కాగితం మీద ఎక్కాయంటే, అంతర్జాతీయ రాజకీయాలు ఢిల్లీలోనో న్యూయార్క్‌లోనో జరిగే వ్యవహారం అనుకోవడానికి వీల్లేదు. మన విద్యార్థుల్లో కొందరికి ఆ జాబితాలో ఉన్నవారు మామయ్యలో బాబాయిలో అవుతారు.

అన్ని దేశాలు ఉండగా శ్రీలంకే ఎందుకు?

జెనీవా, హేగ్ వంటి నగరాలకు వెళ్లాలని చాలామంది కోరుకుంటారు. ఆ కోరిక సహజమే. అయితే యూరప్ యాత్రకు షెంజెన్ వీసా రుసుమే 90 యూరోలు, దాని మీద కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, విమాన చార్జీల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత పెట్టి వెళ్లినా హేగ్‌లో విద్యార్థికి కనిపించేది అంతర్జాతీయ న్యాయస్థానం ఉండే శాంతి సౌధం ముందున్న గేటు, ఒక గంట సేపు సందర్శకుల గది. తీర్పులను ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు.

శ్రీలంకలో అలా కాదు. సుమారు 65,600 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో సగం కంటే తక్కువ నేల మీద, రెండు కోట్ల పైచిలుకు జనాభాతో ఉన్న ఆ దేశంలో మా సిలబస్‌లోని అధ్యాయాలన్నీ ఒక్క వారంలో కాలినడకన దొరుకుతాయి. అలీనోద్యమం (ఏ అగ్రరాజ్య కూటమిలోనూ చేరని దేశాల ఉద్యమం), జాతుల మధ్య అంతర్యుద్ధం, శాంతి సేనలు, విదేశీ రుణం, ఓడరేవుల పోటీ, సముద్ర సరిహద్దులు, ప్రజా ఉద్యమంతో అధికారం మారడం ఇవన్నీ అక్కడ జరిగాయి. పెద్ద దేశాల మధ్య ఒక చిన్న దేశం ఎలా నెగ్గుకు వస్తుందన్నది పెద్ద దేశంలో పుట్టిన మనకు తోచని ప్రశ్న. అది తోచాలంటే అక్కడికే వెళ్లాలి. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర ప్రయాణం. గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు.

నేపాల్ కూడా మంచి ఎంపికే. 1950 నాటి శాంతి, స్నేహ ఒప్పందం, కాట్మండులో ఉన్న, దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ సచివాలయం చదువుకోదగ్గవి. అయితే సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 నవంబరులో కాట్మండులోనే చివరిసారిగా జరిగింది, ఆ తర్వాత జరగలేదు. సముద్రం ఒడ్డున పుట్టిన మన పిల్లలకు సముద్రం ఉన్న దేశమే దగ్గరగా తోస్తుందని నా అభిప్రాయం.

ఎనిమిది రోజుల్లో ఏమేం చూస్తారు?

కొలంబోలో మొదట బండారనాయకే స్మారక అంతర్జాతీయ సమావేశ మందిరానికి వెళ్తాము. 1973లో ప్రారంభమైన ఈ భవనాన్ని చైనా బహుమతిగా కట్టించింది. 1976 ఆగస్టులో ఐదో అలీన దేశాల శిఖరాగ్ర సమావేశం సిరిమావో బండారనాయకే ఆధ్వర్యంలో ఇక్కడే జరిగింది. ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధానిగా 1960లో పదవి చేపట్టినది ఆమే. ఆ స్తంభాల కింద నిలబడ్డప్పుడు విద్యార్థులకు ఒక విషయం తప్పక చెబుతాను. శ్రీలంకకు చైనాతో సంబంధం ఇరవై ఏళ్ల కిందట మొదలైనది కాదు. 1952లోనే, తమ రబ్బరు ఇచ్చి వారి బియ్యం తీసుకునే ఒప్పందాన్ని ఆ రెండు దేశాలూ చేసుకున్నాయి. అప్పటికి చైనాతో దౌత్య సంబంధాలు కూడా ఏర్పడలేదు. ఇంట్లో బియ్యం నిండుకుంటే సిద్ధాంతం చూసుకుని బేరం ఆడరు కదా.

తర్వాత కోట్టెలో చెరువు మధ్యన ఉన్న పార్లమెంటు. జెఫ్రీ బావా రూపకల్పన చేసిన ఈ భవనం 1982లో ప్రారంభమైంది, సభ్యులు 225 మంది. అక్కడికి దగ్గరలోనే భారత శాంతి పరిరక్షక దళం స్మారకం ఉంది. ప్రభుత్వానికీ తమిళ సాయుధ వర్గాలకూ మధ్య అంతర్యుద్ధాన్ని ఆపడానికి 1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందంతో వెళ్లిన మన సైన్యం 1990 మార్చిలో తిరిగి వచ్చేనాటికి సుమారు 1,200 మంది సైనికులను పోగొట్టుకుంది. సైన్యంలో చేరేవారు ఊరూరా ఉన్న జిల్లా మనది. ఆ నల్లరాతి పలకల ముందు మా పిల్లలు మాట్లాడుకోవడం మానేసి వేలితో వరుసలు తడుముతూ తెలుగు పేర్ల కోసం వెతికారు. నేను ఆ సమయంలో పాఠం చెప్పను. బస్సెక్కాక మాత్రం అడుగుతాను: ఆ దళాన్ని వెళ్లిపొమ్మని గట్టిగా కోరిన దేశమే దానికి స్మారకం కట్టడానికి ఎందుకు ఒప్పుకుంది? ఆ ఒక్క ప్రశ్న మీద రాత్రి భోజనాల దాకా వాదన సాగింది.

గాలే ఫేస్ మైదానానికి సాయంత్రం వెళ్తాము. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు ఇక చెల్లించలేమని శ్రీలంక ప్రకటించింది. పెట్రోలు, వంటగ్యాస్, మందులు దొరకని జనం ఈ మైదానంలోనే డేరాలు వేసుకుని నెలల తరబడి కూర్చున్నారు. జూలైలో అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం విడిచి వెళ్లి రాజీనామా చేశారు. ఇప్పుడక్కడ పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటారు, రొయ్యలు అద్దిన వడలు అమ్ముతుంటారు.

మిగిలిన రోజులు ఉత్తరాన తమిళులు ఉండే జాఫ్నాకు, దక్షిణాన రేవు ఉన్న హంబన్‌తోటకు, తిరుగు దారిలో ఒక పూట క్యాండీకి. ఇంతకంటే ఎక్కువ ఊళ్లు కలపమని అడుగుతుంటారు గానీ కలపను. రోజంతా బస్సులో కూర్చుంటే ఊరు మారుతుందే తప్ప చదువు సాగదు.

హంబన్‌తోట రేవును అప్పు తీర్చలేక చైనాకు అప్పగించారన్నది నిజమేనా?

ఇది అందరూ అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చే కథకూ కాగితాల్లో ఉన్నదానికీ తేడా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఈ రేవును చైనా ఎగుమతి దిగుమతి బ్యాంకు రుణాలతో కట్టారు. 2010లో తొలి దశ ప్రారంభమైంది, ఆశించినన్ని ఓడలు రాలేదు. 2017లో ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకు ఇచ్చి శ్రీలంక 112 కోట్ల డాలర్లు తీసుకుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ డబ్బుతో రేవు అప్పు మాఫీ కాలేదు. విదేశీ మారక నిల్వలు నింపుకోవడానికి ఆ సొమ్ము వాడుకున్నారు, చైనా రుణం పుస్తకాల్లో అలాగే ఉంది. పైగా ఆనాటి శ్రీలంక విదేశీ అప్పులో చైనాకు బాకీ పడినదానికంటే అంతర్జాతీయ మార్కెట్‌లో బాండ్లు అమ్మి తెచ్చుకున్నదే ఎక్కువ.

అయితే భద్రత విషయంలో మన దేశానికి ఆందోళన లేదనడం కూడా తప్పే. 2022 ఆగస్టులో చైనా పరిశోధక నౌక యువాన్ వాంగ్ 5 అదే రేవులో లంగరు వేసినప్పుడు మన ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. అదే ఏడాది సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసిందీ మన దేశమే. 2023 జనవరిలో, అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం రావడానికి అవసరమైన, పాత అప్పుల చెల్లింపును సడలిస్తామనే హామీని అప్పులిచ్చిన దేశాల్లో అందరికంటే ముందు ఇచ్చిందీ మనమే. సాయమూ అనుమానమూ ఒకే ఏడాదిలో, ఒకే దేశం పట్ల ఎలా కలిసి నడిచాయో హంబన్‌తోట కొండ మీద నుంచి రేవును చూస్తూ చర్చించుకుంటే అర్థమవుతుంది.

సంతబొమ్మాళి మండలంలో మూలపేట రేవు పనులు చూసి ఉన్న మా విద్యార్థులు అక్కడ అడిగిన ప్రశ్నలు బాగుంటాయి. భూములు ఇచ్చినవారు ఎక్కడికి వెళ్లారు? ఓడలు రాకపోతే వాయిదా ఎవరు కడతారు? ఈ రెండూ ఏ దేశపు రేవుకైనా అడగవలసినవే.

మత్స్యకారుల సమస్యను అక్కడ ఎలా చదువుతారు?

నా దృష్టిలో యాత్ర మొత్తానికీ ఇదే ప్రాణం. కాబట్టి దీనికి జాఫ్నాలో రెండు పూర్తి రోజులు కేటాయిస్తాము.

ముందుగా చట్టం. 1982లో కుదిరి 1994లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్ల వరకు దాని ప్రత్యేక ఆర్థిక మండలం. ఆర్థిక మండలంలో అక్రమంగా చేపలు పట్టినవారికి, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలు శిక్ష వేయకూడదని ఒడంబడిక 73వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. పట్టుకున్న పడవనూ మనుషులనూ తగిన పూచీకత్తు తీసుకుని వెంటనే విడిచిపెట్టాలని, వారి దేశానికి కబురు చేయాలని కూడా అందులోనే ఉంది. ప్రాదేశిక జలాల్లో దొరికితే ఆ రక్షణ వర్తించదు. భారత్, శ్రీలంక మధ్య పాక్ జలసంధి ఇరుకైనది కాబట్టి అక్కడ సగటు మత్స్యకారుడు సరిహద్దు గీత దాటాడంటే సాధారణంగా ఎదుటి దేశపు ప్రాదేశిక జలాల్లోకే అడుగు పెడతాడు. 1974, 1976 ఒప్పందాలు ఆ గీతను గీశాయి. కచ్చతీవు అనే చిన్న దీవి శ్రీలంక వైపు వెళ్లింది 1974 ఒప్పందంతోనే.

ఇదంతా తరగతి గదిలో చెప్పగలను. చెప్పలేనిది జాఫ్నా తీరంలో జరిగింది. మన టీవీల్లో ఎప్పుడూ వచ్చే వార్త ఒకటే: శ్రీలంక నౌకాదళం మన మత్స్యకారులను అరెస్టు చేసింది. అందులో బాధ నిజమైనది, పోయిన ప్రాణాలు నిజమైనవి. మా విద్యార్థులు ఆ కోపంతోనే అక్కడ పడవ దిగే రేవు దగ్గరకు వచ్చారు. అక్కడ ఒక పెద్దావిడ మా వ్యాను డ్రైవరు ద్వారా మేము ఎక్కడి వారమో కనుక్కుని, లోపలికి వెళ్లి ఒక వల తెచ్చి భావనపాడు వైపు నుంచి వచ్చిన మా విద్యార్థి ఒడిలో పడేసింది. అతని తండ్రి, తాత వేటకు వెళ్లినవారే. అతను ఆ వలను రెండు చేతుల్లో పరిచి, కన్నులు ఒక్కొక్కటే వేళ్లతో దాటించుకుంటూ, చిరిగిన చోట ఆగి, దారపు కొసలను బొటనవేలి గోటితో విడదీసి చూసి, "ఇది రాయికి తగిలి చిరిగింది కాదు మేస్టారూ, లాగితే తెగింది. ట్రాలు బోటు లాక్కుపోయింది" అన్నాడు నాతో. డ్రైవరు ఆ మాటను తమిళంలో చెప్పగానే ఆవిడ అతని పక్కనే ఇసుకలో కూర్చుండిపోయింది.

ఆవిడ చెప్పినదాని సారం ఇది. అంతర్యుద్ధం జరిగినన్నాళ్లూ ఉత్తరాది తమిళులను సముద్రంలోకి పోనివ్వలేదు. 2009 మేలో యుద్ధం ముగిశాక అప్పు చేసి వలలు కొనుక్కుంటే, రాత్రివేళ తమిళనాడు ట్రాలర్లు వచ్చి వాటిని తెంపుకుపోతున్నాయి. అడుగు వరకు ఊడ్చుకుపోయే ఆ ట్రాలింగ్‌ను శ్రీలంక 2017లోనే చట్టం చేసి నిషేధించింది. అంటే ఈ తగాదాలో రెండు వైపులా ఉన్నది తమిళ మత్స్యకారులే, రెండు వైపులా ఉన్నది పేదరికమే. మన తీరంలో తెప్పల మీద, చిన్న ఇంజిను పడవల మీద వేట సాగించే కుటుంబాలు పెద్ద మరబోట్ల మీద చేసే ఫిర్యాదు కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే. మన దేశం, పరాయి దేశం అని గీసుకున్న చిత్రంలో తన తండ్రి ఏ వైపు ఉంటాడో ఆ రోజు ఆ విద్యార్థికి తెలియలేదు. ఆ రాత్రి అతను డైరీలో ఏమీ రాయలేదు. నేను కూడా రాయమని అనలేదు.

బయలుదేరే ముందు ఏం చదవాలి?

వ్యాఖ్యానాల కంటే ముందు అసలు పత్రాలు. 1974, 1976 ఒప్పందాలు, 1987 ఒప్పందం విదేశాంగ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మూడూ కలిపినా ఒక సాయంత్రం చదువు. సముద్ర చట్ట ఒడంబడికలో రెండో భాగం, ఐదో భాగం చాలు.

ఓపిక ఉన్నవారికి 2014 జూలై 7 నాటి బంగాళాఖాతం మధ్యవర్తిత్వ తీర్పు చదవమని చెబుతాను. భారత్, బంగ్లాదేశ్ మధ్య తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి, రెండు ప్రభుత్వాలూ ఆ తీర్పును ఒప్పుకున్నాయి. అందులో కొన్ని అంశాలపై భిన్నాభిప్రాయం రాసిన మధ్యవర్తి పెమ్మరాజు శ్రీనివాసరావు మన తెలుగువారే. అంతకుముందే, హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్ట న్యాయస్థానానికి 1999 నుంచి 2002 వరకు అధ్యక్షుడిగా ఉన్న పి.చంద్రశేఖరరావు కూడా తెలుగువారే. ఈ విషయం మన డిగ్రీ విద్యార్థుల్లో నూటికి ఒకరికి కూడా తెలియకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

ప్రతి విద్యార్థీ బయలుదేరే ముందు ఒక పేజీలో ఒకే ఒక ప్రశ్న రాసి ఇవ్వాలి. "శ్రీలంక గురించి తెలుసుకోవాలి" అంటే ఒప్పుకోను. "పట్టుబడిన పడవను తిరిగి తెచ్చుకోవడానికి యజమాని ఏ కోర్టుకు వెళ్లాలి?" అన్నంత చిన్నదిగా ఉండాలి.

పాస్‌పోర్టు, వీసా సంగతి ఏమిటి?

పాస్‌పోర్టుకు కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు చేయాలి. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. శ్రీకాకుళం, విజయనగరం తపాలా కార్యాలయాల్లోనే సేవా కేంద్రాలు ఉన్నాయి, అక్కడ తేదీ దొరకకపోతే విశాఖపట్నం వెళ్లాలి. పదో తరగతి పాసైన సర్టిఫికెట్ తప్పక పెట్టండి.

ఒక జాగ్రత్త మాత్రం నొక్కి చెబుతున్నాను. ఆధార్‌లో, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరూ పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి. మొదటి యాత్రలో మా బృందంలో అందరికంటే బాగా సిద్ధమైన అమ్మాయి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క పొడి అక్షరంగా ఉంది. ఆ సవరణ అయ్యేసరికి బృందం వెళ్లి తిరిగి వచ్చేసింది. కాగితాలు ముందుగా నేనే ఒకసారి చూడవలసింది, చూడలేదు. ఇప్పుడు పేరు ఇచ్చిన మొదటి వారంలోనే అందరి కాగితాలూ నా బల్ల మీదకు రావాలని నియమం పెట్టాను.

శ్రీలంకకు ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతిని ఆన్‌లైన్‌లో, ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి. రుసుము నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే రోజు మళ్లీ చూసుకోవాలి. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

ఖర్చు ఎలా సమకూర్చుకోవాలి?

అన్నింటికంటే పెద్ద ఖర్చు విమాన టికెట్టు. అందుకే ఆమదాలవలస నుంచి చెన్నై వరకు రైలులో స్లీపర్ క్లాసులో వెళ్లి అక్కడి నుంచి విమానం ఎక్కుతాము. బస సామాన్యమైన అతిథి గృహాల్లో. మన యూపీఐ 2024 ఫిబ్రవరి నుంచి శ్రీలంకలో కూడా పనిచేస్తోంది, అయినా చేతిలో కొంత నగదు ఉంచుకోవాలి.

యాత్ర కోసం వడ్డీకి అప్పు చేయవద్దని, బంగారం కుదువ పెట్టవద్దని తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతున్నాను. మొదటి ఏడాది నుంచే నెలనెలా కొంత దాచుకునే పద్ధతి పెట్టాము, పూర్వ విద్యార్థులు కొందరికి సాయం చేస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో యాత్ర పెట్టము. సెలవులకు ఆ సమయం అనుకూలమే అయినా మత్స్యకార కుటుంబాలకు ఆ రోజుల్లో చేతిలో డబ్బు ఆడదు.

ఆడపిల్లలను పంపవచ్చా?

పంపవచ్చు, పంపండి. ప్రతి బృందంలో ఇద్దరు అధ్యాపకుల్లో ఒకరు మహిళ. రాత్రి తొమ్మిది తర్వాత ఎవరూ, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, విడిగా బయటకు వెళ్లరు. రోజూ సాయంత్రం ఇంటికి ఫోను చేయించే బాధ్యత మాది.

అక్కడి భాష రాకపోతే?

కొలంబోలో ఇంగ్లీషుతో, జాఫ్నాలో తమిళం తెలిసిన డ్రైవరు సాయంతో నెట్టుకొస్తాము. అయితే భాషను అసౌకర్యంగా కాక పాఠంగా చూడమని చెబుతాను. అక్కడ రోడ్డు పక్క బోర్డుల మీద సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. 1987 ఒప్పందం తర్వాత వచ్చిన 13వ రాజ్యాంగ సవరణతో తమిళానికీ ఆ హోదా వచ్చింది, రాష్ట్ర మండళ్లు ఏర్పడ్డాయి. రెండు దేశాల మధ్య సంతకమైన కాగితం ఒక దేశపు రాజ్యాంగాన్ని మార్చి, చివరికి వీధి బోర్డు మీద ఒక వరుసగా కనిపించడం ఎంత అరుదైన విషయమో ఆలోచించండి.

అక్కడ చేయకూడనివి ఏమిటి?

బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడాన్ని అక్కడ అగౌరవంగా చూస్తారు, విగ్రహాన్ని అవమానించడం నేరం కిందకు వస్తుంది, దానికి విదేశీ యాత్రికులకు శిక్ష పడిన సందర్భాలున్నాయి. సైనిక స్థావరాలను, తనిఖీ కేంద్రాలను ఫొటో తీయకూడదు. యుద్ధంలో మీ ఇంట్లో ఎవరు పోయారని మనమై అడగకూడదు. వారు చెబితే వినాలి, చెప్పకపోతే టీ తాగి లేవాలి.

శ్రీకాకుళానికీ శ్రీలంకకూ పాత సంబంధం ఉందంటారు, నిజమేనా?

సింహళ సంప్రదాయం ప్రకారం బుద్ధుని దంత ధాతువు నాలుగో శతాబ్దంలో కళింగ రాజధాని దంతపురం నుంచి రాకుమారి హేమమాల, ఆమె భర్త దంతకుమారుడి ద్వారా లంకకు చేరింది. నేడు క్యాండీలోని దళద మందిరంలో పూజలందుకుంటున్నది అదే. ఆ దంతపురం సరుబుజ్జిలి మండలంలోని దంతవరపుకోట అని కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఒడిశాలోనే ఉందన్న వాదన కూడా బలంగానే ఉంది. అలాగే 1187 నుంచి 1196 వరకు పొలొన్నరువ నుంచి పాలించిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. నరసన్నపేట దారిలోని మన సింగుపురమే అదని కొందరి అభిప్రాయం. క్యాండీలో ఒక పూట ఆగేది ఇందుకే.

సివిల్స్‌కు, ఉద్యోగానికి ఇది పనికివస్తుందా?

యాత్ర సర్టిఫికెట్టు చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. సివిల్స్ మెయిన్స్ రెండో జనరల్ స్టడీస్ పేపర్‌లో భారత్, పొరుగు దేశాల సంబంధాలు ఉన్నాయి. కళ్లతో చూసినవారి జవాబులో తేడా కనిపిస్తుందని నమ్ముతాను. పైచదువుకు ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, అక్కడే సార్క్ దేశాలు నెలకొల్పిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం ఉన్నాయి.

రాలేని విద్యార్థులు ఏం చేయాలి?

యాత్రకు వచ్చినవారికి ఇచ్చే పనే వారికీ ఇస్తాము, స్థలం మాత్రమే వేరు. కరాచీ జైలు నుంచి తిరిగి వచ్చినవారు మన తీరంలోనే ఉన్నారు. ముందుగా కబురు చేసి, వేటకు వెళ్లని పూట చూసి, వారికి ఇష్టమైతేనే మాట్లాడాలి. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది, అనేక దేశాల నౌకలు పాల్గొనే మిలన్ విన్యాసాలు 2024లో అక్కడ జరిగాయి. మొదటి యాత్రకు రాలేకపోయిన ఆ అమ్మాయి ఇలాగే ఊరూరా తిరిగి రాసిన నివేదికే ఆ ఏడాది వచ్చినవాటిలో అన్నింటికంటే మంచిది.

తిరిగి వచ్చాక ఏం సమర్పించాలి?

బయలుదేరే ముందు రాసి ఇచ్చిన ప్రశ్నకు తెలుగులో పదిహేను పేజీల జవాబు. దాన్ని కళాశాలలో కాక, ఆ విషయంతో సంబంధం ఉన్న ఊళ్లో చదివి వినిపించాలి.

కిందటిసారి మత్స్యకారుల అరెస్టుల మీద రాసిన విద్యార్థిని ఒక తీర గ్రామంలో రామమందిరం అరుగు మీద నిలబడి, సముద్ర సరిహద్దుల పటాన్ని గోడకు అంటించి చదివింది. అంతా విన్నాక ఒక పెద్దాయన లేచి, "సరే అమ్మా, గీత దాటకూడదన్నావు. నడి సముద్రంలో ఇంజిను ఆగిపోయిందనుకో, గాలి ఎటు తోస్తే అటే పోతాం. అప్పుడు మాకేటుంది ఆ చట్టంలో?" అని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. ఆ మాటే నిజాయితీగా చెప్పి కూర్చుంది. తర్వాత వారం రోజులు గ్రంథాలయంలో వెతికి, ఒడంబడిక 18వ అధికరణాన్ని పట్టుకుంది. ప్రాదేశిక జలాల గుండా సాగిపోయే పడవ అనివార్య పరిస్థితుల వల్లనో ఆపదలో చిక్కుకునో ఆగవలసి వస్తే, ఆ ఆగడం కూడా చట్టబద్ధమైన ప్రయాణంలో భాగమేనని అందులో ఉంది. వల దించి ఉంటే అది వర్తించదని కూడా ఆమె రాసుకుంది. ఆ రెండు వాక్యాలనూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, మరుసటి ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆ పెద్దాయన చేతికి ఇచ్చి వచ్చింది. నివేదికలో పదహారో పేజీ అదే.